ధాన్యం డబ్బా మడత వంటగది పొగగొట్టానికి చాలదు

ప్రశ్న: బరంపురంలో మాది మూడు తరాల రేకుల షాపు. తాతగారు బకెట్లు, నాన్నగారు ధాన్యం డబ్బాలు చేసేవారు. తమ్ముడూ నేనూ ఇప్పుడు హోటళ్లకు హుడ్లు (పొయ్యి పైన పొగ పట్టే రేకు గూళ్లు), పొగగొట్టాలు కడుతున్నాం. 24 గేజ్ జీఐ (జింక్ పూత ఉన్న ఉక్కు రేకు) గొట్టం మడతల్లోంచి కొన్ని నెలలకే నూనె కారుతోంది. పొగ కూడా సరిగా లాగడం లేదు. ఎందుకు?

జవాబు: మీ పనితనంలో లోపం లేదు. మీరు వేసే పిట్స్‌బర్గ్ లాక్, అంటే రేకు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి బిగించే అతుకు, గాలి డక్టుకు (గాలి పోయే రేకు గొట్టానికి) బాగా సరిపోతుంది, వేడి నూనెను మాత్రం ఆపలేదు. నూనె ఆవిరి గొట్టం లోపలి గోడకు జిడ్డుగా పట్టి, కిందికి జారి, మడత సందులో చేరుతుంది. సీలెంట్ పూసినా వేడికి ఎండి విడిపోతుంది. కారడం కన్నా పెద్ద ప్రమాదం మంట. పొయ్యి మంట ఫిల్టర్ దాటిందంటే ఆ జిడ్డంతా అంటుకుంటుంది.

అందుకే ఎన్‌ఎఫ్‌పీఏ 96 అనే అమెరికా అగ్నిభద్రత ప్రమాణం ఇలాంటి గొట్టానికి 16 గేజ్ మామూలు ఉక్కు రేకు గానీ, 18 గేజ్ స్టెయిన్‌లెస్ గానీ వాడమంటుంది (గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది). అతుకంతా చుట్టూ బయటినుంచి, ఎక్కడా తెగకుండా వెల్డింగ్ చేయాలి. ముక్కలో ముక్క దూర్చి అతికే చోట పై ముక్క లోపలికి, కింది ముక్క బయటికి ఉండాలి. తిరగేశారంటే జారే నూనె నేరుగా అతుకులోకి దిగుతుంది. అడ్డంగా పోయే గొట్టానికి అడుగుకు పావు అంగుళం చొప్పున హుడ్ వైపు వాలు ఇవ్వండి. వంపు తిరిగిన ప్రతిచోటా శుభ్రం చేసుకునే తలుపు పెట్టండి. హుడ్‌లో నూనెను పట్టే బ్యాఫిల్ (పలకల) ఫిల్టర్‌ను 45 డిగ్రీలకు తక్కువ కాకుండా నిలబెట్టండి, లేకపోతే నూనె తొట్టెలోకి దిగదు.

ఇక లాగడం సంగతి. గోడకు ఆనించిన 6 x 4 అడుగుల హుడ్‌కు చదరపు అడుగుకు 100 సీఎఫ్‌ఎం (నిమిషానికి లాగే ఘనపుటడుగుల గాలి) లెక్కన 2,400 సీఎఫ్‌ఎం కావాలి. గాలి వేగం నిమిషానికి 1,500 అడుగులు అనుకుంటే గొట్టం 16 x 15 అంగుళాలు ఉండాలి. ఇంతా చేసి తలుపులు మూసేస్తే ఫ్యాన్ ఎంత పెద్దదైనా లాగదు. బయటికి పోయే గాలిలో సుమారు 80 శాతం తాజా గాలిగా లోపలికి రావాలి. చాలా హోటళ్లు ఈ ఖర్చే మిగుల్చుకోవాలని చూస్తాయి, మీరు ఒప్పుకోకండి.

ఆ తాజా గాలి డక్టుకే మీ జీఐ రేకూ, మీ మడతా. గాలి డక్టులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 655 ప్రకారం డక్టు పెద్ద భుజం 750 మి.మీ. వరకు 24 గేజ్ చాలు. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలి తగిలే చోట మాత్రం 120 కాకుండా 275 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) జింక్ పూత ఉన్న రేకు కొనండి.

ప్రశ్న: జీఐ రేకు వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తోంది. పాలు తాగితే సరిపోతుందా? – రాయగడ పాఠకుడు

జవాబు: సరిపోదు. అది జింక్ పొగ పీల్చడం వల్ల వచ్చే జ్వరం. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆయాసం ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి. వెల్డింగ్ పడేచోట రెండు వైపులా అంగుళం మేర పూత గ్రైండ్ చేసి తీసేయండి. పొగను ముఖం దాకా రానివ్వకుండా పక్కకు లాగే ఫ్యాన్ పెట్టుకోండి. పని అయ్యాక అతుకు మీద జింక్ పెయింట్ వేయండి.