బాత్రూమ్ గోడమీద దొరికిన కప్ప ఏది, పెంచుకోవచ్చా?

కాకినాడలో మీ బాత్రూమ్ గోడమీద గోధుమరంగు కప్ప దొరికిందనీ, వేళ్ళ చివర గుండ్రటి బిళ్ళలున్నాయనీ, చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి అన్నం మెతుకులు వేస్తే ముట్టుకోలేదనీ రాశారు. అది ఏ జాతి, విషమా, పెంచుకోవచ్చా అని అడిగారు.

విషం కాదండీ, ముందు ఆ భయం వదిలేయండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది మన మామూలు చెట్టుకప్పే అయ్యుంటుంది. శాస్త్రీయ నామం పాలీపెడేట్స్ మాక్యులేటస్. మాది అమలాపురం వైపు. పెరట్లో బాత్రూమ్, దాని వెనకే అరటిచెట్లు. తొలకరి పడిందంటే గీజర్ పైనో, కిటికీ చువ్వ మీదో ఒకటి కాళ్ళు ముడుచుకుని కూర్చునే ఉంటుంది. వేసవిలో బావి ఎండినా బాత్రూమ్ తడి ఆరదు కదా, అందుకే వాటికి ఆ చోటంటే అంత ఇష్టం.

రంగు చూసి మాత్రం పోల్చుకోకండి. అదే కప్ప సున్నం గోడమీద వెలిసిపోయిన గుడ్డలా కనిపిస్తుంది, తడి చెక్కమీద చేరితే ముదురు గోధుమకి మారిపోతుంది. వీపుమీద మచ్చలు కొన్నిటికి ఉంటాయి, కొన్నిటికి ఉండవు. అసలు గుర్తు తొడ వెనక ఉంది. గోడ ఎక్కేటప్పుడు వెనక కాలు చాపుతుంది చూడండి, అప్పుడు ముదురురంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు బయటపడతాయి. కూర్చున్నప్పుడు ఒక్క చుక్కా కనబడదు. కంటి వెనక నుంచి చెవి పొర మీదుగా భుజం దాకా ఒక నల్లటి చార కూడా ఉంటుంది. ముందు కాళ్ళ వేళ్ళు దాదాపు విడివిడిగా ఉంటాయి, వెనక కాళ్ళ వేళ్ళ మధ్య పొర ఉంటుంది. మగది రెండంగుళాలు, ఆడది మూడంగుళాల దాకా పెరుగుతుంది. రాత్రి వానలో గోడవతల నుంచి 'టక్ టక్ టక్' అని తెంపులు తెంపులుగా వినిపిస్తే అది మగ కప్ప ఆడకప్పని పిలుస్తున్న చప్పుడే.

పొరబడడానికి ఆస్కారమున్నది ఇంకొకటుంది. గుండ్రంగా, పొట్టిగా, వీపుమీద ఇటుకరంగు పట్టీలతో ఉండే కప్ప కూడా పూలకుండీల కింద, బాత్రూముల్లో దొరుకుతుంది, చెట్లూ ఎక్కుతుంది. దాని వేళ్ళ కొసలు వెడల్పే గానీ గుండ్రటి బిళ్ళల్లా ఉండవు, నరికినట్టు మొండిగా ఉంటాయి. ఒంటినిండా బొడిపెలున్నదీ, పొలాల్లో అరిచే బోదురుకప్పా నున్నటి టైల్స్ గోడ ఎక్కలేవు కాబట్టి వాటి గురించి ఆలోచించక్కర్లేదు.

పగలంతా కదలడం లేదంటే జబ్బు చేసిందని కంగారు పడకండి, అది నీళ్ళు పొదుపు చేసుకుంటోంది. ఓ రోజు తెల్లవారుజామున మా కిటికీ మీద కప్ప ముందు కాలితో తల నిమురుకుని, తర్వాత వెనక కాలితో వీపు, పొట్ట తుడుచుకుంటుంటే నిలబడి చూశాను. నలుగు పెట్టుకుంటోందా అన్నట్టుంది. ఈ జాతి మీదే 1990లలో పరిశోధన జరిగింది. చర్మంలోంచి ఊరే జిడ్డుపదార్థాన్ని అలా ఒళ్ళంతా పూసుకుంటుందట. ఆ పూతతో ఒంట్లో తడి త్వరగా ఆరిపోదు. పూత చెదరకుండా అలాగే బిగుసుకుని కూర్చుంటుంది. పగటిపూట దాన్ని చేత్తో పట్టి తీశామంటే ఆ పూత కాస్తా చెరిగిపోతుంది.

పెంచుకోవచ్చా అంటే, డబ్బాలో పెట్టి మాత్రం వద్దంటాను. నెట్లో కనబడే సలహాలు ఎక్కువగా ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్ప గురించి రాసినవి. అది తరతరాలుగా గాజుపెట్టెల్లో పుట్టి పెరుగుతున్నది, మనిషి చెయ్యి కొంత ఎరుగుతుంది. మీది నిన్నటిదాకా చెట్లమీద తిరిగిన కప్ప. రాత్రంతా దూకి దూకి మూతికి దెబ్బలు తగిలించుకుంటుంది. పైగా మనకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటుంది. బయట దొరికిన జీవాన్ని ఇంట్లో ఉంచుకోవాలనుకుంటే ముందు దగ్గర్లోని అటవీశాఖ ఆఫీసులో అడగడం మంచిది.

నేను ఒక్కసారి పెట్టెలో ఉంచాను. పిల్లి నోటపడి వెనక కాలు చీరుకుపోయిన కప్ప. పాత చేపల తొట్టి కడిగి, అడుగున తడిపిన నూలుగుడ్డ పరిచి, జామకొమ్మ ఒకటి నిలువుగా పెట్టి, పైన దోమతెర కట్టాను. నీళ్ళే అసలు సంగతి. కప్ప నోటితో తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటే అదీ లోపలికి పోతుంది. అందుకని బకెట్లో పట్టి మూత లేకుండా ఓ రాత్రంతా ఉంచాకే లోతులేని పళ్ళెంలో పోశాను. మా వాళ్ళేమో గాయానికి పసుపు పెట్టమన్నారు. కప్ప చర్మానికి అలాంటివేవీ రాయకూడదు. శుభ్రమైన తడీ, కదిలించే వాళ్ళు లేకపోవడమూ చాలు.

తిండి విషయానికొస్తే, కదలనిది దానికి కనబడనట్టే, అందుకే మెతుకులు ముట్టుకోలేదు. ట్యూబ్‌లైట్ దగ్గర చేరే పురుగులు, చిమ్మటలు, చిన్న బొద్దింకలు ప్రాణంతో వదలాలి. బొద్దింకల మందు కొట్టిన ఇంట్లోవి మాత్రం వెయ్యొద్దు. మింగేటప్పుడు చూడండి, కళ్ళు రెండూ గట్టిగా మూసి లోపలికి లాక్కుంటుంది. నొప్పి కాదది, కనుగుడ్లతో పురుగుని గొంతులోకి తోసుకోవడం. కాలు బాగుపడి కొమ్మ ఎక్కడం మొదలెట్టగానే దొరికిన చోటే, అరటిచెట్ల దగ్గరే వదిలేశాను. దూరంగా వేరే చెరువు దగ్గర వదలడం పుణ్యమనుకుంటారు గానీ, కప్పల చర్మానికి వచ్చే శిలీంధ్రపు తెగుళ్ళు అలా ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకే ప్రమాదముంది.

మీరూ ఈ రాత్రే దాన్ని బాత్రూమ్ కిటికీ దగ్గర వదిలేయండి. సబ్బు, శానిటైజర్ లేని తడి చేతులతో పట్టుకోండి. పట్టుకోగానే సర్రున నీళ్ళు చిమ్ముతుంది, హాని లేదు. తర్వాత మాత్రం చేతులు సబ్బుతో బాగా కడుక్కోవాలి. కప్పల ఒంటిమీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. మీద పడితే అతుక్కుపోయి వదలదని మా వీధిలోనూ అనేవారు. గోడమీంచి వేలితో నెమ్మదిగా నెడితే మారు మాట్లాడకుండా నడిచిపోతుంది.

అది మీ దగ్గరే ఉండాలంటే పెట్టె అక్కర్లేదు. నీడలో ఓ మొక్క తొట్టీ, పక్కన నీళ్ళ గిన్నే ఉంటే చాలు, సాయంత్రం లైటు దగ్గరికి పురుగులు వాటంతటవే వస్తాయి. కప్ప తిరిగే గదిలో ఫినాయిలూ, యాసిడూ పోయకండి. పోయక తప్పకపోతే ముందు కప్పని బయటికి తోలి, ఆపైన నేలని నీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి.

ఇంకొక్కటి. వానాకాలంలో నీళ్ళ తొట్టి అంచునో, సంపు గోడకో తెల్లటి నురగముద్ద కనిపిస్తే సబ్బు నురగనుకుని చీపురుతో కొట్టేయకండి. అందులో వందల గుడ్లుంటాయి. ఆడకప్ప తన ద్రవాన్ని వెనక కాళ్ళతో చిలికి కట్టిన గూడు అది. కొద్దిరోజుల్లో పిల్లలు కింది నీళ్ళలోకి జారిపోతాయి. తాగేనీళ్ళ సంపయితే మా ఇంట్లో ఏం చేస్తామంటే, నురగ కిందికి ఓ వెడల్పాటి బేసిన్ వేలాడదీసి, పిల్లలు దాంట్లో పడ్డాక నీడలో పెట్టి నాచుపట్టిన రాయి ఒకటి వేస్తాం. కాళ్ళు మొలిచి బయటికి రావడానికి ఇంచుమించు రెండు నెలలు పడుతుంది. ఆలోగా గట్టెక్కడానికి బేసిన్‌లో ఓ పుల్ల వాలుగా పెట్టాలి, లేకపోతే కాళ్ళొచ్చిన పిల్లలు మునిగి చస్తాయి.

వీలైతే తొడ వెనక భాగం కనబడేలా ఓ ఫోటో పెట్టండి, జాతి ఖాయంగా చెప్తాను. ఫ్లాష్ వెయ్యొద్దు, టార్చి పక్కనుంచి పడితే చాలు.