శుక్రవారం వాక్యం చెప్పబోయే మా అమ్మడికి

అమ్మడూ,

శుక్రవారం సిలువమార్గం ప్రార్థన అయ్యాక మంచి సమరయుడి కథ చదివి నాలుగు ముక్కలు నిన్నే చెప్పమన్నారని, ఒకటే టెన్షన్‌గా ఉందని ఫోన్‌లో అన్నావు. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని యాజకుడూ, గుడి సేవకుడైన లేవీయుడూ చూసి తప్పుకుపోతే, యూదులకు గిట్టని సమరయుడొకడు ఆగి, గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, ఖర్చుకు రెండు దేనారాల నాణేలిచ్చిన కథే కదా. కాథలిక్కులైన మీ అత్తగారేమో "ఆ సమరయుడు యేసుప్రభువే, ఆ పూటకూళ్ల ఇల్లు శ్రీసభే" అన్నారట, శ్రీసభంటే వాళ్ల చర్చి. మన బాప్టిస్టు గుడిలో ఎప్పుడూ వినని మాట కాబట్టి నీకు అనుమానం వచ్చింది.

అది ఆవిడ సొంతంగా కల్పించింది కాదమ్మా. మూడో శతాబ్దంలోనే ఓరిజెన్ అనే బైబిలు పండితుడు ఈ అర్థం రాశాడు, అదీ "ఒక పెద్దాయన ఇలా చెప్పేవాడు" అంటూ. దెబ్బలు తిన్నవాడు ఆదాము, యాజకుడు ధర్మశాస్త్రం, లేవీయుడు ప్రవక్తలు, సమరయుడు క్రీస్తు. తర్వాత అగస్టీను అనే బిషప్పు కూడా ఇంచుమించు ఆ దారినే వెళ్లాడు. పదహారో శతాబ్దంలో ప్రొటెస్టెంటు బోధకుడు కాల్విన్‌కి ఇది నచ్చలేదు. ప్రభువు చెప్పని అర్థాలు కథకు తగిలించకూడదన్నాడు. "నా పొరుగువాడెవడు" అని కదా ధర్మశాస్త్రోపదేశకుడొకడు యేసును అడిగితే ఆయన ఈ కథ చెప్పింది, జవాబు దానికే చూసుకోమంటాడు. మన పాస్టర్లది ఆ బాట. అలాగని కాథలిక్కులు కథను గాలికి వదిలేశారనుకోకు. ఎన్ని లోతు అర్థాలు తీసినా అవన్నీ మాటకున్న మామూలు అర్థం మీదే నిలబడాలని పదమూడో శతాబ్దంలో వాళ్ల పెద్ద పండితుడు తోమా అక్వీనాసే అన్నాడు.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వకు. పాతికేళ్ల వయసులో బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో ఇదే కథ మీద వాక్యం చెప్పాను. నూనె అంటే ఇది, ద్రాక్షారసం అంటే అది, రెండు దేనారాలు పాత నిబంధన, కొత్త నిబంధన అని గంటసేపు వాయించాను. చివర్లో, ఊడుపుల నుంచి నేరుగా వచ్చి కూర్చున్న ఒక ముసలమ్మ అడిగింది: "బాబూ, అంతా సెప్పినావు గానీ, ఆడు బతికినాడా నేదా?" నా దగ్గర జవాబు లేదు. ఆ మనిషి సంగతే నేను మర్చిపోయాను. ఆవిడ కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

అందుకే ముందు కథను కథలా వినిపించు. పెద్దగా, నిదానంగా, రెండుసార్లు చదువు. యెరూషలేము నుంచి యెరికోకి సుమారు వెయ్యి మీటర్ల పల్లం. మన బైబిల్లో "దిగి వెళ్లుచు" అని ఉన్నది అందుకే. సాలూరు దాటాక ఘాట్ రోడ్డు మలుపులు గుర్తున్నాయా? చీకటి పడ్డాక అక్కడ ఎవరైనా పడి ఉంటే మన జీపు ఆపేవాళ్లమా? కళ్లు మూసుకుని అక్కడే నిలబడ్డట్టు ఊహించుకోమను. ఇది కాథలిక్కుల లొయోలా ఇగ్నేషియస్ ధ్యానానికి నేర్పిన పద్ధతే, మీ మామగారికి తెలిసే ఉంటుంది.

తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. పన్నెండో శతాబ్దంలో గీగో అనే సన్యాసి వాక్యాన్ని తిండితో పోల్చాడు. చదవడమంటే నోట్లో పెట్టుకోవడం, ధ్యానమంటే నమలడం, ప్రార్థనలో రుచి తెలుస్తుంది, ఆ తర్వాత మిగిలేది తీపి. మనవాళ్లం చెరుకు ముక్క నోట్లో పెట్టుకోగానే ఉపన్యాసం మొదలుపెడతాం. తూర్పు దేశాల ఆర్థడాక్సు క్రైస్తవులయితే, యేసు చెప్పిన ఇంకో కథలో సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, చేసిన ఆ చిన్న ప్రార్థననే, "పాపినైన నన్ను కరుణించుము" అన్నదాన్ని, యేసు పేరుతో కలిపి ఊపిరితో పాటు రోజంతా అనుకుంటారు.

అప్పుడు మీ అత్తగారిని ఆవిడ అర్థం చెప్పమను. అడ్డు తగలకు. "ఆ లెక్కన మనం ఆ ఇంట్లో ఉన్న పూటకూళ్లవాళ్లమా అత్తయ్యా?" అని అడిగి చూడు. సేవ చేయాల్సిన పని మళ్లీ మన నెత్తినే పడుతుంది.

మనవాళ్ల తప్పు కూడా చెప్పాలి. జనవరి ఒకటిన ఏడాదికొక బైబిలు వచనమని తీసే వాగ్దానం కార్డులున్నాయే, మీకు మేలు చేసే ఉద్దేశాలే అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వచ్చిందంటే ఉద్యోగం ఖాయం అనుకుంటాం. పై వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్లు అని ఉంటుంది. అది కార్డు మీద వేయరు.

పది నిమిషాలు దాటించకు. పిల్లలకు నిద్ర వస్తుంది. నీ పాత బైబిలు ఇక్కడే ఉండిపోయింది, శ్రీకాకుళం వచ్చేవాళ్లు దొరికితే పంపిస్తాను. శనివారం ఫోన్ చెయ్యి, ఎవరేం అడిగారో చెప్పు.

మీ తాతయ్య
బొబ్బిలి