‘సూది లేకుండా’ అంటే ఏ సూది?

సందేహం: హనుమకొండలో మేము నలుగురం కలిసి ఊలు స్వెట్టర్లు అల్లుతుంటాం. స్వెట్టర్ మీద తాడులా మెలిపడే కేబుల్ డిజైన్‌ను, దానికి వాడే కేబుల్ సూది లేకుండానే వేసే పద్ధతిని నేను కాగితం మీద ‘సూది లేకుండా కేబుల్ నేయడం’ అని రాసుకున్నాను. మా వదిన ‘నేయడం’ తప్పంటున్నది. ఏది సరి? కేబుల్‌ను ‘జడ’ అనవచ్చునా?

సమాధానం: మీ వదిన మాటే సరి. నేయడానికి పడుగు, పేక అని రెండు దిక్కుల నూలు కావాలి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలను (జంపఖానాలను) అక్కడి కొత్తవాడ మగ్గాల మీద నేస్తారే గాని అల్లరు. స్వెట్టర్‌లో ఒకే దారం తన ఉచ్చుల్లోంచి తానే దూరుకుంటూ సాగుతుంది కాబట్టి, జడకూ పూలదండకూ బుట్టకూ వాడే ‘అల్లు’ ధాతువే దానికీ చెల్లుతుంది. కాకపోతే మన తెలంగాణ వాడుకలో ‘చేయడం’ ‘చేసుడు’ అయినట్టే ‘అల్లడం’ ‘అల్లుడు’ అవుతుంది గనుక, ‘మా ఇంట్ల స్వెట్టర్ అల్లుడు మొదలైంది’ అంటే వినేవారు ఒక్క క్షణం తడుముకోక తప్పదు.

నా దృష్టిలో అసలు చిక్కు మీరు అడగని ‘సూది లేకుండా’ అన్న మాటలో ఉన్నది. అల్లే రెండు పొడుగు పుల్లలనూ మనం సూదులనే అంటాం. మీరు మానుకున్నది వాటిని కాదు, కుట్లను, అంటే సూది మీది ఉచ్చులను, కాసేపు పక్కన నిలిపి ఉంచే పొట్టి సూదిని. నాలుగు కుట్ల కేబుల్‌ను ఎడమకు మలపాలంటే, కుడి సూదిని వెనుకనుంచి మూడో, నాలుగో కుట్లలోకి దూర్చి, ఎడమ సూదిని నాలుగింటిలోనుంచీ లాగేస్తారు. అప్పుడు మొదటి రెండు కుట్లు ముందువైపు ఏ ఆధారమూ లేకుండా నిలుస్తాయి. వాటిని ఎడమ సూదితో అందుకొని, కుడి సూది మీది రెండింటినీ తిరిగి ఎడమ సూదికే ఎక్కించి, మారిన వరుసలో అల్లుకుంటూ పోతారు. ఊలుకు నూగు ఉంటుంది గనుక ఆ రెండు కుట్లూ అంత తొందరగా జారవు. పట్టుదారమైతే ఆ కుట్ల మొదలును వేళ్లతో నొక్కి పట్టవలసిందే. ఇందులో ‘లేనిది’ మూడో సూది ఒక్కటే కాబట్టి, ‘మూడో సూది లేకుండా కేబుల్ అల్లడం’ అని రాస్తే కొత్తవారు కూడా పొరబడరు.

ఇక ‘జడ’ సంగతి. జడకు మూడు పాయలుండాలి. మీరు చెప్పే కేబుల్‌లో రెండే పాయలు ఒకదానిమీదుగా ఒకటి మెలిపడతాయి. అది తాడు పేనినట్టుండే పని, జడ అల్లినట్టుండేది కాదు. దుకాణంలో పొట్లం కట్టే పురికొసలో ఉన్న ‘పురి’ దీనికి దగ్గరి మాట. ‘పురి అల్లిక’ అంటే నాకు ఇంపుగానే ఉన్నది గాని, మీ నలుగురికీ కేబుల్ అలవాటైతే దాన్ని మార్చనక్కరలేదు. ‘జడ’ను మాత్రం మూడు పాయలు వేసే డిజైన్‌కు అట్టిపెట్టుకోండి.