చిన్న యూనివర్సిటీలో సీఎస్ఈ చదివితే ఉద్యోగం వస్తుందా?

ఎప్‌సెట్ ర్యాంకుకు పేరున్న కాలేజీలో సివిల్, ఊరి బయట చిన్న యూనివర్సిటీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తున్నాయి, ఏది తీసుకోవాలి, తర్వాత ఉద్యోగం సంగతేంటి అని అడిగారు. కోడింగ్ మీద ఇష్టం ఉంటే సీఎస్ఈనే తీసుకోండి. నేను అలాంటి చోటే చదివి ఇప్పుడు మాదాపూర్‌లో బ్యాకెండ్ పని, అంటే తెర వెనక సర్వర్, డేటా చూసుకునే కోడింగ్, చేస్తున్నాను.

చిన్న కాలేజీతో నష్టం ఒక్కటే, మంచి కంపెనీలు గేటు దాకా రావు. వచ్చేవి వందల మందిని ఒకేసారి తీసుకునే సర్వీస్ కంపెనీలు. ఏడాదికి మూడు, మూడున్నర లక్షలు. దానికీ టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం ఉండాలంటారు. ఇంటర్లో 58 వచ్చినవాడు ఎంత బాగా కోడ్ రాసినా పరీక్ష హాలు గుమ్మం తొక్కలేడు. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు ఉద్యోగం తెచ్చింది కాలేజీ బస్సు. బస్సు సీట్లు ఇవ్వడానికి మా కాలేజీవాళ్లు ఎక్కడో కొన్న సాఫ్ట్‌వేర్ ఫీజుల రద్దీలో ఒకే సీటు ఇద్దరికి ఇచ్చేది. ఎల్బీనగర్ బస్సులో పొద్దున్నే గొడవ. ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి సార్ విసిగిపోయి, "కంప్యూటర్లు సదువుతున్నవ్ గద, జర ఇదేందో సూడు" అని కుర్చీ జరిపారు. కౌంటర్లు రెండు. ఇద్దరు క్లర్కులూ ఒకే క్షణంలో 14వ సీటు ఖాళీయా అని చూస్తే ఇద్దరికీ ఖాళీ అనే వచ్చేది, ఇద్దరూ రాసేసేవారు. సెమిస్టర్, బస్సు నంబరు, సీటు నంబరు కలిపి డేటాబేస్ టేబుల్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టాను, అంటే ఆ మూడూ కలిసి రెండోసారి రాకూడదనే నియమం. పాత డబుల్ ఎంట్రీలు ఏరేస్తే గానీ అది ఒప్పుకోలేదు. ఆ తర్వాత రెండో ఎంట్రీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఎర్రర్ వస్తే తర్వాతి ఖాళీ సీటు వెతికేలా ఇంకో నాలుగు లైన్లు రాశాను.

ఒక సీనియర్ తన కంపెనీలో నా పేరు చెబితే (రిఫరల్) కాలేజీ బయట జరిగే ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్లాను. ఇంటర్వ్యూ చేసినాయన కాలేజీ పేరు చదివి "ఇదెక్కడుంది?" అన్నారు. తర్వాత ఆయన అడిగిందంతా ఆ బస్సు పని గురించే. "డబ్బు కట్టాక సీటు లేదంటే ఏం చేస్తావు?" అన్నారు. ఫీజు, సీటు ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ, లేకపోతే ఏదీ జరగని పని) పెట్టి, సీటు కుదరకపోతే రెండూ రోల్‌బ్యాక్ చేస్తానని, అంటే వెనక్కి తీసేస్తానని బోర్డు మీద గీసి చూపించాను. డీబీఎంఎస్ (డేటాబేస్ సబ్జెక్టు) పరీక్షకు అందరం బట్టీ పట్టిన చాప్టరే అది.

మా క్లాసులో సగం మంది ఆఖరి ఏడాది సొంతంగా చేయాల్సిన మేజర్ ప్రాజెక్టును కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేటలో కొన్నారు. డాక్యుమెంటేషన్, పీపీటీ అన్నీ కలిపి ప్యాకేజీ. ఇంటర్వ్యూలో "ఈ టేబుల్ ఎందుకు పెట్టావు?" అంటే వాళ్లకు నోరు పెగల్లేదు. అమీర్‌పేటను తిట్టడం లేదు, మైత్రీవనం చుట్టుపక్కల జావా చెప్పే సార్లు కొందరు మా లెక్చరర్ల కంటే నయం. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పోవద్దు. పీఎఫ్ రికార్డు తీస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశామో బయటపడుతుంది.

ఫ్లెక్సీల మీది ప్లేస్‌మెంట్ లెక్కలూ నమ్మకండి. ఒకే అబ్బాయికి మూడు ఆఫర్లొస్తే మూడు ఉద్యోగాలని రాసుకుంటారు. ఏఐ ఎంఎల్, డేటా సైన్స్ అని బ్రాంచీకి తోక తగిలించి ఫీజు పెంచుతారు, మొదటి రెండేళ్లు దాదాపు అవే సబ్జెక్టులు.

చేరే ముందు మీ నాన్నగారిని అడ్మిషన్ ఆఫీసులో కూర్చోబెట్టి, మీరు ల్యాబ్‌కి వెళ్లండి. సెకండియర్ వాళ్లెవరైనా కనిపిస్తే, ఈ సెమిస్టర్‌లో సొంతంగా ఏం రాశారో చూపించమనండి. చూసి రాసిన ల్యాబ్ రికార్డు బుక్ తీసి చూపిస్తే వేరే కాలేజీ వెతుక్కోండి, కానీ సీఎస్ఈలోనే.