పార్టీ ఎవరిదైనా, లీజు మీద పేరు ఎవరిదో చూసుకోండి

ప్రశ్న: అన్నా నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్. ఆగస్టులో ఎంఎస్‌కు అమెరికా వచ్చాను. యూనివర్సిటీకి నడిచి వెళ్లేంత దూరంలో నలుగురం కలిసి ఒక పాత ఇల్లు తీసుకున్నాం. పక్కింట్లో అండర్‌గ్రాడ్ పిల్లలు, అంటే డిగ్రీ చదివేవాళ్లు, ఉంటారు. గురువారం మొదలుపెడితే శనివారం దాకా రోజూ రాత్రి రెండింటి వరకు పాటలు, అరుపులు. నిద్ర ఉండట్లేదు. పోలీసులకు చెప్తే మా మీద పగ పెట్టుకుంటారేమోనని భయం. ఇల్లు మారాలా? ఇంకోటి, దసరాకు మా ఇంట్లో ముప్పై మందిని పిలుద్దాం అనుకుంటున్నాం, ఏమన్నా ఇబ్బంది అవుతుందా?

జవాబు: తమ్మీ, నువ్వు చివర్లో "ఇంకోటి" అని రాసిన దానికే ముందు జవాబు చెప్తాను. నా లెక్కలో అసలు ప్రశ్న అదే. పక్కింటి పార్టీ వల్ల నీకు పోయేది నిద్ర. మీ ఇంట్లో పార్టీ వల్ల పోయేది డబ్బు, అది కూడా బహుశా మీ బాపు బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నేను కట్టి తెలుసుకున్నాను.

నేను వచ్చింది 2006 ఆగస్టులో. మా బాపు వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడు, 2002లో మిల్లు మూతబడ్డాక మా ఇంట్లో ప్రతి రూపాయికీ ఒక లెక్క ఉండేది. అందుకే ఇక్కడికి రాగానే నేను చూసింది అద్దె ఒక్కటే. కాలేజీకి రెండు వీధుల అవతల చెక్కతో కట్టిన పాత ఇల్లు, నెలకు 1200 డాలర్లు. లీజు మీద, అంటే అద్దె ఒప్పందం మీద, నలుగురి పేర్లు రాయించి ఆరుగురం ఉన్నాం, తలా 200 పడుతుందని. ఆరుగురం ఉన్న సంగతి ఓనర్‌కు చెప్పలేదు. ఆ వీధిలో బంధుత్వం లేనివాళ్లు నలుగురికి మించి ఒకే ఇంట్లో ఉండకూడదని ఊరి రూల్ ఉంది, అది లీజులోనూ ఉంది. సంతకం పెట్టేటప్పుడు మేం చదవలేదు. ఇప్పుడు వస్తున్న పిల్లలు కూడా చదవరు, నాకు తెలుసు. ఫోన్‌లో వేలితో సంతకం గీకి పంపిస్తారు, అంతే.

ఆ ఏడాది సద్దుల బతుకమ్మ శనివారం వచ్చింది. ఇల్లు వదిలి రెండు నెలలు కూడా కాలేదు, అందరికీ ఇంటి మీద బెంగ. గునుగు, తంగేడు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి, స్టోర్‌లో చామంతులు కొని స్టీలు పళ్లెంలో పేర్చారు మా క్లాస్ ఆడపిల్లలు. పదిహేను మందిని పిలిస్తే నలభై అయిదు మంది వచ్చారు, పక్క ఊళ్ల నుంచి కూడా కార్లలో దిగారు. పెరట్లో ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ ఆడినంతసేపు ఏ గొడవా లేదు, ఎదురింటి పెద్దావిడ వచ్చి నిలబడి చూసింది కూడా. వాళ్లు వెళ్లాక మావాళ్లు స్పీకర్లు పెరట్లోకి తెచ్చారు. పదకొండున్నరకు పోలీసు కారు వచ్చింది. ఆ ఆఫీసర్ కోపంగా ఏమీ మాట్లాడలేదు, ఇల్లు ఎవరి పేరు మీద ఉందని అడిగాడు, నా పేరు రాసుకున్నాడు, పాటలు ఆపించి వెళ్లిపోయాడు. మేమంతా అయిపోయిందనుకున్నాం. మన దగ్గర పెళ్లి బరాత్‌లో డీజే ఆపమని కానిస్టేబుల్ చెప్పి పోతాడు చూడు, ఆ లెక్కలో తీసుకున్నాం.

అది అలా అయిపోదు తమ్మీ. అడ్రస్ రికార్డులోకి ఎక్కుతుంది. రెండోసారి అదే ఇంటికి వస్తే చాలా చోట్ల హెచ్చరిక ఉండదు, టికెట్టే, అంటే ఫైన్ కట్టమనే కాగితం.

రెండోసారి డిసెంబర్‌లో, పరీక్షలు అయిన రోజు. మా రూమ్మేట్ పుట్టినరోజు. ఈసారి జాగ్రత్తగానే ఉన్నాం, పన్నెండు మందే, పాటలు అసలు పెట్టలేదు. కానీ అర్ధరాత్రి కేక్ కోశాక అందరూ ముందు అరుగు మీదికి వచ్చారు, ఒకడు కాలింగ్ కార్డుతో (అప్పట్లో ఇండియాకు మాట్లాడటానికి ముందే డబ్బు కట్టి కొనే కార్డు) ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. ఇక్కడ రాత్రి అయితే అక్కడ పగలు కదా, అవతల వాళ్ల అమ్మ, అత్త, పక్కింటి పిల్లలు అందరూ లైన్లోకి వచ్చి హ్యాపీ బర్త్‌డే. మేం ఇటు నుంచి అరవడం. కారు తలుపులు దభీదభీమని వేయడం. దాన్ని మేం చప్పుడనే అనుకోలేదు, మాటలే కదా అనుకున్నాం. 300 డాలర్ల టికెట్ నా పేరు మీద రాశారు, ఎందుకంటే పాత రికార్డులో ఉన్నది నా పేరు, పుట్టినరోజు వాడి పేరు లీజులోనే లేదు.

అక్కడితో ఆగలేదు. ఊరి ఆఫీసు నుంచి ఓనర్‌కు ఉత్తరం వెళ్లింది. ఆయన ఇల్లు చూస్తానని వచ్చి నేల మీద పరుపులు లెక్కపెట్టాడు. ఆరు. లీజులో లేని ఇద్దరూ పది రోజుల్లో ఖాళీ చేయాలన్నాడు, బయట మోకాలి లోతు మంచు. మే నెలలో మేం ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ మీద కూర మరకలు, విరిగిన వెనక తలుపు చూపించి 1200 డిపాజిట్ మొత్తం ఉంచుకున్నాడు. నేను వచ్చిన ఏడాది డాలర్ దాదాపు 45 రూపాయలు, ఆ లెక్కనే చెప్తాను. ఫైన్, డిపాజిట్ కలిపితే 1500 డాలర్లు, అంటే 67,500 రూపాయలు. నేను డైనింగ్ హాల్లో గంటకు 7 డాలర్లకు గిన్నెలు కడిగేవాణ్ని, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయనివ్వరు, అంటే వారానికి 140. ఆ ఫైన్ ఒక్కటే నా రెండు వారాల కష్టం కంటే ఎక్కువ.

జనవరి ఫీజుకు డబ్బు తక్కువ పడి బాపుకు ఫోన్ చేశాను, యాభై వేలు కావాలని. ఎందుకని అడగలేదు, పంపించాడు. పుస్తకాలకు అనుకున్నాడట. రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడని రెండేళ్ల తర్వాత నేను ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ చెప్పింది. "బిడ్డ చదువుకు గదా" అని ఒక్క మాట అన్నాడట, అంతే. ఆ అప్పు ఏడాదిన్నర తిరిగింది. నేను ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే, ఇప్పుడు డాలర్ 85 దాటింది, అదే 1500 డాలర్లు మీ ఇంట్లో ఎంతవుతాయో నువ్వే గుణించుకో.

కాబట్టి ముందు నీ లీజు తియ్యి. మీరు నలుగురూ ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు అన్న వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. దానర్థం నీ వంతు పావలా కట్టి తప్పుకోవడం కుదరదు, మిగతా ముగ్గురు చేతులెత్తేస్తే ఓనర్ మొత్తం రూపాయి నిన్నే అడగొచ్చు. చప్పుడుకు, ఊరు వేసే ఫైన్లకు, అతిథులు ఎన్ని రాత్రులు ఉండొచ్చనే దానికి వేరే పేరాలు ఉంటాయి. నాకు ఇప్పుడు ఒక యూనివర్సిటీ పక్కన చిన్న ఇల్లు ఉంది, పన్నెండేళ్లుగా స్టూడెంట్లకే అద్దెకు ఇస్తున్నాను, నా లీజులో కూడా ఆ పేరాలు ఉన్నాయి, చదివి సంతకం పెట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఊరి రూల్స్ ఆ సిటీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, నువ్వే చూసుకో, ఊరికో తీరు. చాలా చోట్ల రాత్రి పది, పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా నిశ్శబ్ద సమయం. కొన్ని ఊళ్లలో ఇంకా గట్టిగా ఉంటుంది. అరిజోనాలోని టూసాన్‌లో గోల చేసిన ఇంటికి ఎర్ర నోటీసు అంటిస్తారు, అది 180 రోజులు ఉంటుంది, ఆ లోపల మళ్లీ గోల జరిగితే ఫైన్ పెరుగుతుంది. మందు విషయం ఏ రాష్ట్రంలోనైనా 21 ఏళ్లు. మీకు 22, 23 ఉండొచ్చు, కానీ పక్కింటి పందొమ్మిదేళ్ల పిల్లాడు మీ పెరట్లోకి వచ్చి గ్లాసు పట్టుకుంటే చాలా ఊళ్లలో అడిగేది ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లనే.

ఇక దసరా. ఇంట్లో వద్దు. ముప్పై అంటావు, అరవై వస్తారు, మనవాళ్ల సంగతి నాకు తెలియదా, ఒకడికి మెసేజ్ పెడితే నాలుగు గ్రూపుల్లో తిరుగుతుంది. మీ యూనివర్సిటీలో ఇండియన్ స్టూడెంట్స్ సంఘం ఉంటే వాళ్ల పేరు మీద స్టూడెంట్ యూనియన్ అనే క్యాంపస్ బిల్డింగ్‌లో గది అడగండి, రిజిస్టర్ అయిన సంఘాలకు చాలా చోట్ల ఉచితంగానో తక్కువకో ఇస్తారు. లేదంటే పార్కులో షెల్టర్, అంటే పైకప్పు ఉన్న షెడ్డు, బుక్ చేసుకోండి. 2007లో నేను అదే చేశాను. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు బతుకమ్మ, ఎవరి ఇంటి నుంచి వాళ్లు ఒక కూర, ఎనిమిదిన్నరకు కుర్చీలు మడిచి చెత్త సంచులు కట్టేశాం. నూట ఇరవై మంది వచ్చారు, ఒక్క ఫిర్యాదు రాలేదు, మనిషికి పడిన ఖర్చు 4 డాలర్లు. ఆ లెక్క రాసుకున్న నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

చిన్న పుట్టినరోజు ఇంట్లో చేసుకోండి, ఎవరూ వద్దనరు. పదికి కిటికీలు మూసి అందరూ లోపలికి రావాలి. స్పీకర్ నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు, బేస్ తగ్గించండి, చెక్క ఇళ్లలో గోడ దాటి పోయేది పాట కాదు ఆ దడదడ. ఇండియాకు ఫోన్లు అరుగు మీద కాకుండా లోపల గదిలో చేసుకోండి. పక్కింటి డ్రైవ్‌వేకు అడ్డంగా కారు పెట్టనివ్వొద్దు, ఫిర్యాదులు సగం అక్కడే మొదలవుతాయి. తాగని మనిషి ఒకడు గుమ్మం దగ్గర ఉండి తెలియనివాళ్లను రానివ్వకూడదు. ఒకవేళ పోలీసు వస్తే తలుపు తీసేముందే పాట ఆపి, లీజులో పేరున్నవాడు ఒక్కడే బయటికి వెళ్లి, సారీ ఆఫీసర్, ఇప్పుడే అందరినీ పంపిస్తున్నాం అనాలి. వాదన వద్దు. పక్కింట్లో ఇంతకంటే ఎక్కువ గోల కదా అనే మాట అసలే వద్దు. టికెట్ వస్తే కోర్టు తేదీ మరిచిపోవద్దు, వెళ్లకపోతే వారంట్ దాకా పోతుంది, ఎఫ్1 (స్టూడెంట్) వీసా మీద ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. చాలా యూనివర్సిటీల్లో స్టూడెంట్లకు లాయర్ సలహా ఉచితంగా ఇచ్చే ఆఫీసు ఉంటుంది. నాకు ఆ సంగతి తెలియక గబగబా మొత్తం కట్టేశాను.

పక్కింటి సంగతికి వస్తే, అప్పట్లో మా పక్కింట్లోనూ ఇలాంటి పిల్లలే ఉండేవాళ్లు, నేను రెండు తప్పులు చేశాను. మొదటిసారి 911కు ఫోన్ చేశాను. అది ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే నంబర్, చప్పుడుకు పోలీసులదే వేరే మామూలు నంబర్ ఉంటుంది, ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకో. రెండోసారి రాత్రి ఒంటిగంటకు నేనే వెళ్లి తలుపు కొట్టాను, తాగి ఉన్న ముప్పై మంది మధ్య ఒక్కణ్ని, నా ఇంగ్లీషు వాళ్లకు అర్థం కాలేదు, వాళ్ల నవ్వు నాకు అర్థమైంది. నువ్వు ఎప్పుడూ అలా వెళ్లొద్దు.

జనవరిలో అమ్మ పార్సిల్లో సకినాలు పంపింది. ఒక డబ్బాలో కొన్ని వేసుకుని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, వాళ్లు లేచి కూర్చునే టైమ్‌కు, వెళ్లాను. నేను పక్కింట్లో ఉంటాను, మంగళ గురువారాల్లో పొద్దున ఎనిమిదికి క్లాస్, ఇదీ నా నంబర్, మీ నంబర్ ఇవ్వండి, చప్పుడు ఎక్కువైతే పోలీసులకంటే ముందు మీకే మెసేజ్ పెడతాను అన్నాను. ఆ చివరి మాటే పనిచేసింది. ఎందుకంటే వాళ్లకూ లీజు ఉంది, వాళ్ల డిపాజిట్ కూడా వాళ్ల ఓనర్ దగ్గర ఉంది, ఫైన్ అంటే వాళ్ల తల్లిదండ్రులకూ కోపమే. పన్నెండు దాటాక మెసేజ్ పెడితే అయిదు నిమిషాల్లో తగ్గేది. పూర్తిగా ఆగిందని చెప్పను, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలు, అక్టోబర్ 31 హాలోవీన్ చుట్టూ రోజులు ఎవరు చెప్పినా ఆగవు, ఆ రాత్రులు లైబ్రరీకి పో. రెండు మూడు మెసేజ్‌లకూ వినకపోతే ఆ మామూలు నంబర్‌కు చెయ్యి, చాలా చోట్ల నీ పేరు చెప్పక్కర్లేదు. తేదీ, టైమ్ ఒక కాగితం మీద రాసుకుంటూ ఉండు, వాళ్ల ఓనర్‌కు రాయాల్సి వస్తే అదే పనికొస్తుంది.

పోయిన ఏడాది హన్మకొండలో కూడా ఇదే చేశాను. మా ఇంటి ఎదురుగా బాయ్స్ హాస్టల్, మేడ మీద రాత్రి పన్నెండింటికి స్పీకర్లు, బాపుకు నిద్ర పట్టదు. మన దేశంలోనూ 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు, ఇళ్లున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. నేను 100కు ఫోన్ చేస్తానంటే బాపు వద్దన్నాడు. పగలు వెళ్లి హాస్టల్ నడిపే ఆయనతో, ఇద్దరు సీనియర్ పిల్లలతో కూర్చుని మాట్లాడాను. ఇప్పుడు పదిన్నరకు ఆపుతున్నారట, అమ్మ చెప్పింది.

ఇల్లు మారాలా అన్నావు. మారొద్దు. లీజు మధ్యలో వదిలితే కొన్నిచోట్ల రెండు నెలల అద్దె పోతుంది, కొత్త ఇంటికి మళ్లీ డిపాజిట్, మళ్లీ పరుపు మోయించడం. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ డబ్బా కొద్ది డాలర్లే. ఈ ఆదివారం మధ్యాహ్నం పక్కింటికి వెళ్లు. దసరా గది మాత్రం రేపే అడుగు, సెమిస్టర్ మొదట్లోనే శనివారాలు నిండిపోతాయి.