ఆర్వీలో కాపురం పెట్టే ముందు

అమ్మాయ్, నువ్వు రాసినదంతా రెండుసార్లు చదివాను. లీజు అయిపోగానే సామాను అమ్మేసి, ఆర్వీ, అంటే చక్రాల మీద ఇల్లు కొనుక్కుని, కాన్సస్ నుంచి డకోటాల దాకా ఏడాదిపాటు తిరుగుతామన్నావు. ట్యాంకుల గురించి అడిగావు, డీజిల్ ఖర్చు అడిగావు, సోలార్ ప్యానెళ్లు ఎన్ని కావాలో అడిగావు. మొత్తం పదిహేడు ప్రశ్నలు. అందులో "రోజంతా నేను ఎవరితో మాట్లాడాలి?" అనే ప్రశ్న మాత్రం లేదు. బయల్దేరే ముందు నేనూ ఆ మాట ఎవరినీ అడగలేదు. అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మేము 1998లో డల్లాస్ వచ్చాం. ఇద్దరు పిల్లల్ని పెంచి, కాలేజీకి పంపి, 2021 ఏప్రిల్‌లో ప్లేనోలో ఇల్లు అమ్మేసి ముప్పై రెండు అడుగుల ఫిఫ్త్ వీల్ కొన్నాం, అంటే పికప్ ట్రక్కుకి తగిలించి లాగే ఆర్వీ. ఇప్పటికీ ఏడాదిలో ఏడెనిమిది నెలలు అందులోనే మా కాపురం. మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఇలా ఉన్నవాళ్లు ఇంకెవరూ లేరు. మీ వయసువాళ్లు వీడియోలు చూసి నేర్చుకున్నది ఒక ఎత్తు, ఈ మైదానాల గాలిలో ఐదేళ్లు నిలబడి నేర్చుకున్నది ఒక ఎత్తు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. మీకు గ్రీన్ కార్డులు వచ్చాయన్నావు కాబట్టి సగం టెన్షన్ తప్పింది. హెచ్-1బీలో పనిచేసే చోటు కాగితాలకు ముడిపడి ఉంటుంది, లాయరుని అడక్కుండా బండి కదపకూడదు. గ్రీన్ కార్డువాళ్లయినా చిరునామా మారిన పది రోజుల్లో ఏఆర్-11 ఫారంతో తెలియజేయాలి. లైసెన్సుకి, ఇన్సూరెన్సుకి ఏదో ఒక రాష్ట్రాన్ని సొంతం చేసుకోవాలి. మేము సౌత్ డకోటా ఎంచుకున్నాం, అక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇవన్నీ ప్రభుత్వ సైట్లలో దొరుకుతాయి, రూల్స్ మారుతుంటాయి కూడా, చూసుకోండి.

ఇక మేము చేసిన తప్పు. ఇల్లు వెంటే ఉంది కదా అని ఆగకుండా తిరిగాం. మొదటి డెబ్బై రోజుల్లో ముప్పై ఒక్క చోట్ల దిగాం. కాన్సస్‌లో ఫ్లింట్ హిల్స్ దగ్గర మొదలుపెట్టాం. అక్కడ నేలలో చెకుముకి రాయి ఉండటంతో నాగలి దిగలేదు, అందుకే పొడుగు గడ్డి మైదానం అక్కడ మిగిలింది. అమెరికాలో ఒకప్పుడు ఉన్న పొడుగు గడ్డి మైదానంలో ఇప్పుడు నూటికి నాలుగు వంతులు కూడా లేదు. కొత్త గడ్డి బాగా రావాలని అక్కడి పశువుల రైతులు వసంతంలో పాత గడ్డి తగలబెడతారు. రాత్రిపూట ఆ గుట్టల మీద మంట సన్నటి గీతలా పాకుతుంటే మావారు, నేను మాట లేకుండా గంటసేపు చూశాం. ఆ తర్వాత నెబ్రాస్కా, ఆపైన సౌత్ డకోటాలో బ్యాడ్‌ల్యాండ్స్, మిచెల్ ఊళ్లో మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించిన కార్న్ ప్యాలెస్. ఫోటోలు పంపితే మా తోడికోడళ్లు "నువ్వు పెట్టిపుట్టావు" అనేవాళ్లు. నేను వాళ్లకి ఏం చెప్పను?

మావారికి ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా మీటింగులు. ముప్పై రెండు అడుగుల బండిలో ఆయన హెడ్‌సెట్ పెట్టుకున్నారంటే నేను మిక్సీ వేయకూడదు, ఫోన్ మాట్లాడకూడదు, పోపు పెట్టకూడదు. పోపు పొగకి అలారం మోగుతుంది, అవతల మీటింగులో అందరికీ వినబడుతుంది. బయటికి వస్తే గాలి. మన సముద్రపు గాలిలా వచ్చిపోయేది కాదది, పొద్దున్న మొదలైతే రాత్రిదాకా చెవుల్లో ఒకటే హోరు. కనుచూపు మేర గడ్డి తప్ప ఏమీ ఉండదు. ఎల్లుండి ఎలాగూ వెళ్లిపోతాం కదా అని పక్క బండివాళ్ల పేర్లు కూడా కనుక్కునేదాన్ని కాదు.

ఒకరోజు ఒక చిన్న ఊళ్లో కొట్టుకెళ్లి ఉల్లిపాయలు, పాలు కొన్నాను. బిల్లు వేసే ఆవిడతో ఉల్లిపాయల గురించి మాట్లాడటం మొదలుపెట్టాను. మా ఊళ్లో ఎర్ర ఉల్లిపాయలే వాడతామని, పచ్చిమిర్చితో నంజుకుంటామని, మా నాన్నకి అవి లేనిదే ముద్ద దిగదని. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. నేను ఆపడం లేదు. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసి, "బాగానే ఉన్నావా తల్లీ?" అంది. బండిలోకి వచ్చి లెక్కేసుకుంటే ఆ వారంలో మావారు కాకుండా నేను ఎదురుగా నిలబడి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

అనకాపల్లి దగ్గర ఉన్న మా అమ్మకి రోజూ ఫోన్ చేసేదాన్ని. వేసవిలో ఇక్కడ ఉదయం ఏడున్నర అయితే అక్కడ సాయంత్రం ఆరు. "ఇవాళ ఏ ఊరు?" అని అడిగి, గోడ మీద క్యాలెండర్లో ఆ తేదీ గడిలో ఊరి పేరు రాసుకునేది. రెండు నెలలయ్యాక ఒకరోజు, "ఈ పేర్లు చదువుతుంటే నాకే కళ్లు తిరుగుతున్నాయే, నీకెలా ఉంటోంది?" అంది. బాగుందనే చెప్పాను. నువ్వూ అలాగే చెబుతావు, అందుకే ముందే రాస్తున్నాను.

జూన్ మధ్యలో నెబ్రాస్కాలో బ్రోకెన్ బో అనే ఊరికి చేరాం. అంటే విరిగిన విల్లు అని చెబితే, "రాములవారు విరిచిన విల్లా?" అంది అమ్మ. మూడో రోజు సాయంత్రం ఆకాశం ఒక పక్క ఆకుపచ్చగా మారింది, ఊళ్లో సైరన్ మొదలైంది. మావారు వాతావరణ రేడియో పెట్టారు. టోర్నడో హెచ్చరికలో అది ఊరి పేరు కన్నా ముందు కౌంటీ పేరు చెబుతుంది, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కస్టర్ కౌంటీ అంది, వ్యాలీ కౌంటీ అంది. మేమున్నది ఏ కౌంటీలోనో మా ఇద్దరికీ తెలియదు! ఫోన్లో సిగ్నల్ లేదు. ఇంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే డెబ్బై ఏళ్లావిడ, పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకుని ఉంది. "ఇదే కస్టర్ కౌంటీ, చెప్పులు వేసుకో, పద" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. క్యాంప్‌గ్రౌండ్ స్నానాల గదులు సిమెంటు దిమ్మలతో కట్టి ఉంటాయి, అందరూ అక్కడికే చేరారు. పద్నాలుగు మంది, రెండు కుక్కలు. నిమ్మకాయలంత వడగళ్లు పడ్డాయి కానీ సుడిగాలి మా వైపు రాలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాక ఆవిడ నాతో అంది: "మూడు రోజుల నుంచి మీ బండి చూస్తున్నాను. అందులో ఒక ఆడమనిషి ఉందని నాకు ఇవాళే తెలిసింది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఆవిడ కాఫీకి పిలిచింది. రేపు వెళ్లిపోతున్నామన్నాను. "ఎక్కడికి?" అంది, చెప్పాను. "ఎందుకు?" అంది, జవాబు దొరకలేదు. ఆ ఊళ్లో ఇరవై ఆరు రోజులు ఉన్నాం. అమ్మ క్యాలెండర్లో వరసగా విరిగిన విల్లే.

అప్పటి నుంచి చూడాల్సిన చోట్ల జాబితా పక్కన పెట్టేశాం. ఊళ్లో లైబ్రరీ ఉందా, పొద్దున్నే రైతులు కాఫీ తాగే హోటల్ ఉందా అని చూసుకుని దిగుతాం. కనీసం మూడు వారాలు ఉంటాం. దిగగానే కౌంటీ పేరు, దాక్కునే చోటు చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాను, ఆ చీటీ పట్టుకుని పక్క బండివాళ్లని అడిగి సరిచూసుకుంటాను. పలకరించడానికి అదే నా వంక.

నెబ్రాస్కాలోనే బియాట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్ అని ఉంది, అది మాత్రం చూడండి. 1862 చట్టం ప్రకారం ఇక్కడ భూమికి దరఖాస్తు పెట్టుకున్న ఒక్కొక్కరికి 160 ఎకరాల దాకా ఇచ్చారు, కానీ ఆ నేలమీదే ఇల్లు కట్టుకుని ఐదేళ్లు ఉండాలని షరతు. మన దగ్గర ఇళ్లన్నీ ఒకచోట, పొలాలు ఊరి చుట్టూ. ఇక్కడ ఎవరి పొలం మధ్యలో వాళ్ల ఇల్లు, పక్కింటికి అర మైలు. అరుగు మీద కూర్చుంటే దారినపోయేవాళ్లు వచ్చి కబుర్లు చెప్పే వీలే లేదు. అందుకే ఈ మనుషులు కలుసుకోవడానికి ఒక రోజు, ఒక చోటు పెట్టుకుంటారు: ఆదివారం చర్చి, అగ్నిమాపక దళం వాళ్ల పాన్‌కేకుల ఫలహారం, శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్, వేసవిలో కౌంటీ ఫెయిర్. ఆ రోజున నువ్వు వెళ్లకపోతే వాళ్లు నీ దగ్గరకి రారు, గర్వంతో కాదు, నిన్ను ఇబ్బంది పెట్టకూడదని. రెండు లైన్ల రోడ్డు మీద ఎదురొచ్చే ట్రక్కువాళ్లు స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటే పైకెత్తుతారు, అది పలకరింపు. మొదటి రెండు నెలలూ నేను దాన్ని గమనించనే లేదు. ఇప్పుడు తిరిగి ఎత్తకపోతే నాకు తోచదు.

మనం హిందువులం, చర్చి భోజనాలకి వెళ్లొచ్చా అని అడుగుతావేమో. నేను పులిహోర చేసి తీసుకెళ్లాను. పక్కన చిన్న అట్టముక్క మీద నిమ్మకాయ, వేరుశనగ, పసుపు అని రాసిపెట్టాను, వేరుశనగ పడనివాళ్లు ఉంటారు. గిన్నె ఖాళీ అయింది. ఎవరూ నా దేవుడి గురించి అడగలేదు, అన్నం అంత పొడిపొడిగా ఎలా వచ్చిందని అడిగారు.

తెలుగువాళ్ల దగ్గరకి పరిగెత్తాలని కూడా అనిపిస్తుంది. కొన్ని వారాలు మేము శనివారం శనివారం ఒమాహా వెళ్లాం, గుడి, కిరాణా, ఎవరింట్లోనో భోజనం. వెళ్లి రావడానికే దాదాపు నాలుగు వందల మైళ్లు. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చాక గుండె ఇంకా బరువెక్కేది. ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్తాం, రెండు రోజులుండి వస్తాం. మిగతా రోజులకి పక్కన ఉన్న మనుషులు కావాలి. దారిలో మోటెల్స్ చాలావాటిలో కౌంటర్ దగ్గర గుజరాతీ కుటుంబాలు ఉంటాయి. ఒకసారి గది అద్దెకి అడగడానికి వెళ్తే టీ పెట్టి గంటసేపు కూర్చోబెట్టుకున్నారు. వాళ్లూ మనలాంటివాళ్లే, ముప్పై ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే ఉన్నారు.

డబ్బు, బండి గురించి రెండు ముక్కలు. రోజు అద్దె కంటే నెల అద్దె చాలా చవక, అంటే నేను చెప్పినట్టు నిలిచి ఉంటే డబ్బూ మిగులుతుంది. బండి లాగేటప్పుడు మా పికప్ గ్యాలన్‌కి పది మైళ్లు మించి ఇవ్వదు. పక్కగాలి గంటకి ముప్పై ఐదు మైళ్లు దాటితే కదలొద్దు. బియ్యం బస్తాలు, గ్రైండర్ ఎక్కించాక ట్రక్ స్టాపులో తూకం వేయించండి, మేము మొదట్లో వేయించలేదు, టైరు పేలింది. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి, నిండాకే తెరవాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి మిగతాది గడ్డకడుతుంది. మనం నీళ్లు వాడేవాళ్లం కాబట్టి ఆ ట్యాంకుకి మంచిదే. గిన్నెలు కడిగే నీళ్ల ట్యాంకే మన వంటకి నాలుగు రోజుల్లో నిండిపోతుంది. మిగతావి మీ ఆయన చూసుకుంటారు, కష్టమేమీ కాదు.

మీ ఆయనకి ఒక మాట నా తరఫున చెప్పు. మధ్యాహ్నం ఒక గంట హెడ్‌సెట్ తీసేసి బయట నీతో కూర్చుని అన్నం తినాలి. మావారు ఆ పని మొదలుపెట్టింది మొదటి ఏడాది అక్టోబర్‌లో. ప్లేనో నుంచి తెచ్చుకున్న కరివేపాకు మొక్క ఒక రాత్రి బయట మరిచిపోయాను. మేమున్న నెబ్రాస్కా శాండ్‌హిల్స్‌లో ఆ రాత్రే మంచు పట్టింది. పొద్దున్న చూస్తే ఆకులన్నీ నల్లగా, ఉడికించినట్టు వేలాడుతున్నాయి. పదకొండేళ్ల మొక్క. కుండీ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద ఏడుస్తుంటే ఆయన మీటింగు మధ్యలో బయటికొచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను మొక్క కోసం ఒక్కదానికే ఏడవడం లేదని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఏటా అక్టోబర్ మొదట్లో ఆయన సెలవు పెడతారు, ఇద్దరం నార్త్ డకోటా, మిన్నెసోటాల మధ్య రెడ్ రివర్ లోయకి వెళ్తాం. అక్కడ చక్కెర బీట్ కోత. ఆర్వీల్లో తిరిగేవాళ్లు ఎంతోమంది ఆ పనికి వస్తారు, బండి పెట్టుకునే చోటు వాళ్లే ఇస్తారు, పన్నెండు గంటల షిఫ్టు. మా నాన్న చెరుకు రైతు. కొట్టిన చెరుకు ఒకట్రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే తీపి తగ్గుతుందని బళ్లు వరసకట్టిన చోటే రాత్రంతా పడుకునేవాడు. ఇక్కడ బీట్ దుంపల్ని ఆరుబయట కొండల్లా పోస్తారు, చలికి అవి నెలల తరబడి నిలుస్తాయి. ఆ సంగతి ఫోన్లో చెబితే నాన్న చాలాసేపు ప్రశ్నలు వేశాడు. పక్కన పనిచేసేవాళ్లకి మా నాన్న గురించి నేను చెబుతాను, వాళ్ల నాన్నల గురించి వాళ్లు చెబుతారు.

మీరు ఈ ఆగస్టులో బయల్దేరితే అప్పటికి ఆ చుట్టుపక్కలే ఉంటారు. మాది పగటి షిఫ్టు, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఎప్పుడైనా రండి. చారు, అన్నం సిద్ధంగా ఉంటాయి. దారిలో ఎక్కడైనా కరివేపాకు దొరికితే రెండు రెమ్మలు తీసుకురా.