కొత్త కోళ్లను పాత గుంపులో ఎప్పుడు కలపాలి?

కొత్త కోళ్లను కనీసం 30 రోజులు విడిగా ఉంచి, తర్వాత ఓ వారం జాలీకి అవతల ఉంచి పాతవాటికి అలవాటు చేశాకే కలపాలి. హుషారుగా మేత తింటున్న కోడి కూడా లోపల రోగాన్ని మోస్తూ ఉండొచ్చు. ఉదాహరణకు మైకోప్లాస్మా అనే శ్వాస రోగపు క్రిమి: కోడి తేరుకున్నా క్రిమి ఒంట్లోనే ఉండిపోతుంది. చోటు మారిన టెన్షన్‌కు మళ్లీ పైకి తేలుతుంది. కంటి మూల నురుగు, తుమ్ములు, శ్వాసలో గురగుర కనిపిస్తాయి. అలా బయటపడేందుకే ఆ గడువు. అయినా మోసే కోడి ఒక్కోసారి ఏ లక్షణమూ చూపదు. రెట్ట వేసే చోటు చుట్టూ ఈకలు విడదీసి మొదళ్లలో తెల్లటి పేల గుడ్లున్నాయేమో కూడా చూడాలి.

చాలామంది అదే పెరట్లో వేరే గూట్లో పెడితే చాలనుకుంటారు. చాలదు. చెప్పులు, బకెట్, దుమ్ము రోగాన్ని ఇటు మోసుకొస్తాయి. గూడు వీలైనంత దూరంగా ఉండాలి, మేత ముందు పాతవాటికే వేయాలి.

కలిపాక కాస్త పొడుచుకోవడం మామూలే, పెత్తనం తేలేదాకా తప్పదు. రక్తం కారితే మాత్రం వెంటనే విడదీయాలి.